ముందు ఓడలు, ఆ తరువాతే రోడ్డు

పోర్ట్‌బ్లెయిర్‌లోని ఛాతం జెట్టీలో నిలబడితే నీటికి అవతల బాంబూఫ్లాట్ కళ్లెదుటే ఉంటుంది. రేకుల కప్పుల ఇళ్లు, జెట్టీ దగ్గర బారులు తీరిన బళ్లు, వెనక పచ్చగా లేచిన మౌంట్ హారియట్ కొండ కనిపిస్తూనే ఉంటాయి. 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు గానీ, జనం నోట ఇంకా పాత పేరే ఆడుతోంది. ఫెర్రీలో దాటితే కొండమీదికి 15 కిలోమీటర్లు, రోడ్డు పట్టుకుని చుట్టూ తిరిగితే 55 కిలోమీటర్లు అని పర్యాటకులకు చెబుతుంటారు. చూడవచ్చినవాళ్లు ఆ లెక్క విని ఫెర్రీ ఎక్కేస్తారు, అంతటితో దాన్ని మరిచిపోతారు. బాంబూఫ్లాట్‌లో కాపురముండి రోజూ పొద్దున్నే అవతలి ఒడ్డుకు కూలికో, కొలువుకో, ఆసుపత్రికో పోయేవాళ్లకు మాత్రం ఆ 40 కిలోమీటర్ల తేడా మీదే బతుకంతా నడుస్తుంది. అండమాన్‌లో పాత రహదారిని తవ్వి కొత్తగా కట్టే పనికి కూడా లెక్క అక్కడినుంచే మొదలు కావాలి. ఇప్పటివరకూ చర్చంతా వెడల్పు చుట్టూ, వంతెనల చుట్టూ తిరుగుతోంది. పని జరిగే ఏళ్లలో జనం ఎటు పోవాలన్న ప్రశ్న వెనకబడిపోయింది.

ఆ రహదారి అండమాన్ ట్రంక్ రోడ్డు. పోర్ట్‌బ్లెయిర్‌ను (2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం) ఉత్తరాన మాయాబందర్, డిగ్లీపూర్‌లతో కలిపే ఏకైక రోడ్డు ఇదే. 1970లలో అడవిని కొట్టుకుంటూ వేశారు. ఆ అడవిలోని ఆదివాసులు జారవాల బాణాలకు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పోలీసు కాపలా మధ్య పని ఆగుతూ సాగుతూ వచ్చింది. మొదట దీనికి 223 నంబరు ఉండేది. 2010లో దేశమంతటా రహదారుల నంబర్లు మార్చినప్పుడు 4 అయింది. నాలుగో నంబరు జాతీయ రహదారి అనగానే చిత్తూరు, పలమనేరు లారీ డ్రైవర్లకు పాత చెన్నై–బెంగళూరు రోడ్డే గుర్తొస్తుంది. ఆ నంబరు బంగాళాఖాతం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడిందని ఎంతమందికి తెలుసో! ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఐడీసీఎల్ ఈ రోడ్డును ముక్కలు ముక్కలుగా విడదీసి, రెండు వరుసల రహదారిగా తిరిగి కట్టే పని చేపట్టింది. నగరానికి అంటుకున్న దక్షిణపు ముక్క, అంటే బియోడ్నాబాద్ నుంచి ఫెరార్‌గంజ్ దాకా ఉన్నది, అందులో ఒకటి. బాంబూఫ్లాట్ వాళ్లు రోడ్డు మీద చుట్టూ తిరిగి నగరానికి పోవాలంటే ఫెరార్‌గంజ్ దగ్గర ఈ రహదారినే ఎక్కాలి.

రోడ్డు ఇంత త్వరగా ముసలిదెందుకయిందని అడిగితే చాలామంది కాంట్రాక్టర్ వైపు వేలు చూపిస్తారు. కాంట్రాక్టర్ల పాపం వాళ్లకు ఉండనే ఉంది. కానీ ఇక్కడి వాన సంగతి వేరు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, హైదరాబాద్‌లో పడేదానికి మూడు రెట్లకు మించి. మే నెలలో నైరుతి దిగుతుంది. అది వెళ్లేలోపే ఈశాన్యం అందుకుంటుంది. డిసెంబరు దాకా నేల ఆరదు. తారుకూ నీటికీ పడదు కాబట్టి గట్టిగా పని చేయగలిగేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో ఓడ ఆలస్యమై తారు రాకపోయినా, సిమెంటు రాకపోయినా ఆ ఏడాది చేజారినట్టే. సిమెంటు, తారు, ఇనుము అన్నీ చెన్నై, విశాఖ, కోల్‌కతా రేవుల నుంచి సముద్రం మీదే రావాలి.

ఇక ఇసుక. ఒకప్పుడు ఇక్కడి కట్టడాలకు బీచుల్లోంచే తవ్వుకునేవాళ్లు. 2002 మేలో సుప్రీంకోర్టు దానికి పగ్గం వేసింది. ఏటా కనీసం 20 శాతం చొప్పున తవ్వకాలు తగ్గించుకుంటూ రావాలంది. మంచి పని. తీరాన్ని తవ్వి రోడ్డు వేస్తే మరో పదేళ్లకు ఆ రోడ్డునే సముద్రం అడుగుతుంది. అయితే ఆ మంచి పనికి ఖర్చు ఉంది. కంకర పొడితోనో, దిగుమతి చేసుకున్న ఇసుకతోనో పని చేయాలి. మన కోస్తా జిల్లాల ధరలతో ఇక్కడి అంచనాలు వేసుకుంటే పని మధ్యలోనే డబ్బు అయిపోతుంది. తక్కువకు కోట్ చేసినవాడికే పని ఇచ్చే పద్ధతికి ఈ దీవుల్లో పడే శిక్ష, సగం తవ్వి వదిలేసిన రోడ్డు.

ఈ రోడ్డు మీదున్న సిప్పీఘాట్ దగ్గర కొంచెం ఆగాలి. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు మేర కుంగిపోయింది. ఉత్తరాన డిగ్లీపూర్, మాయాబందర్ వైపు నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. దక్షిణాన వరి పండిన మడుల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచింది. సిప్పీఘాట్ పొలాలూ, బాంబూఫ్లాట్ పల్లపు నేలలూ అప్పుడు మునిగినవే. సునామీ అల తిరిగి వెళ్లిపోయింది కానీ కుంగిన నేల మళ్లీ లేవలేదు. పోటు వచ్చినప్పుడల్లా నీరు రోడ్డు అంచు దాకా వస్తుంది. పాటు వేళ దిగిపోతుంది. పైన తారు ఎంత మందంగా పోసినా కింద మట్టికట్ట రోజుకు రెండుసార్లు తడిసి ఆరుతుంటే గుంత పడక ఏమవుతుంది? ఇలాంటి చోట గుంతలు పూడ్చి బిల్లు పెట్టుకోవడం డబ్బును నీళ్లలో పోయడమే. రోడ్డు ఎత్తు పెంచాలి, కల్వర్టులను అటూ ఇటూ నీరు పారేంత వెడల్పు చేయాలి, కట్ట పక్కలకు రాతి తాపడం వేయాలి. ఎత్తు పెంచితే పక్క ఇళ్లు పల్లంలో పడతాయి కాబట్టి వాటి మురుగుకు దారి అదే అంచనాలో ఉండాలి. గరచరమ లాంటి ఇరుకు బస్తీల్లో ఈ కాలువల గొడవే రేపు కోర్టు గొడవ అవుతుంది.

భూకంపం నేర్పిన ఇంకో పాఠం ఆస్టిన్ స్ట్రెయిట్ అనే జలసంధి మీద ఉంది. ఉత్తర, మధ్య అండమాన్‌లను కలుపుతూ 268 మీటర్ల వంతెన కట్టి 2002లో తెరిచారు. రెండేళ్లు తిరిగాయో లేదో, ఆ డిసెంబరు ఉదయం దాని మధ్య స్పాన్లు బేరింగుల మీంచి జారి పక్కకు జరిగాయి. స్తంభాలు నిలిచాయి. పైభాగాన్ని స్తంభానికి పట్టి ఉంచే అడ్డుకట్టలు సరిగా లేకపోవడమే లోపమని తరువాత చూసిన ఇంజనీర్లు తేల్చారు. దేశంలో భూకంప ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువున్న ఐదో జోన్‌లో, సరికొత్త వంతెనకే ఈ గతి పడితే, దానికి ముందు కట్టిన చిన్నాచితకా కల్వర్టుల మాటేమిటి? పునర్నిర్మాణం అంటే నల్లటి తారు మెరుపు కంటికి కనిపిస్తుంది. బేరింగులు, స్టాపర్లు ఎవరికీ కనిపించవు. శంకుస్థాపన ఫొటోలోకి అవి రావు గనక బడ్జెట్ కోత మొదట వాటిమీదే పడుతుంది.

అసలు చిక్కు మాత్రం మరో చోట ఉంది. పాత దారిని బాగు చేయాలంటే కొన్నాళ్లు మూయాలి, కనీసం సగం మూయాలి. రాజమహేంద్రవరంలో 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనను 2023 సెప్టెంబరు చివర మరమ్మతులకు మూసినప్పుడు జనం విసుక్కున్నారు. విసుక్కుంటూనే కొవ్వూరు వెళ్లడానికి మరో వంతెన ఎక్కారు. రేపు హైదరాబాద్‌లో 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేకు (అది 2009లో తెరిచింది, దానికీ వయసు మీద పడుతోంది) బేరింగులు మార్చాల్సి వచ్చినా కింద పాత రోడ్డు ఉండనే ఉంది. అండమాన్‌లో ఆ సౌకర్యం లేదు. ఉన్నదొక్కటే రోడ్డు. దాన్ని సగం మూసి మిగతా సగంమీద లారీలు, బస్సులు, స్కూలు పిల్లల ఆటోలు, కాంట్రాక్టర్ టిప్పర్లు కలిపి నడిపితే ఏమవుతుందో చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు. మరమ్మతు జరుగుతున్న కట్టడం మీద వాహనాలను వదలడం ఎంత ప్రమాదమో అమెరికాలోని మిన్నియాపోలిస్ చూసింది. 2007 ఆగస్టు 1న అక్కడ ఐ-35 డబ్ల్యూ వంతెన నదిలో కూలి 13 మంది చనిపోయారు. ఉక్కు అతుకుపలకలు మొదటినుంచీ పలచగా ఉండడం అసలు లోపం. మరమ్మతు కోసం వంతెన మీదే గుట్టలు పోసిన కంకర, ఇసుక, యంత్రాల బరువు ఆ లోపాన్ని బయటపెట్టింది.

అందుకే బాంబూఫ్లాట్ మాట. ఈ ఊరిని మ్యాపులో సరిగా చూస్తే, నగరం నుంచి ఫెరార్‌గంజ్‌కు రెండో దారి కనిపిస్తుంది. ఛాతంలో వాహనాల ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగి, వింబర్లీగంజ్ మీదుగా ఫెరార్‌గంజ్‌లో రహదారిని అందుకోవచ్చు. గరచరమ, సిప్పీఘాట్, తుష్నాబాద్ వైపు రోడ్డు తవ్వుతున్నంత కాలం ఉత్తరాదికి పోయే సరుకులో కొంత భాగాన్నయినా ఈ దారికి మళ్లించవచ్చు. వెనకటి ఇంజనీర్లకు ఇలాంటి మార్గం దొరికితే పండగ చేసుకునేవాళ్లు.

అయితే ఆ దారి బలమంతా ఫెర్రీ మీద ఆధారపడి ఉంది. పొద్దుటి వేళ జెట్టీ దగ్గర చూడండి. బల్లకట్టు లాంటి వెడల్పాటి ఓడ ర్యాంపు దించుతుంది. లారీలు మధ్యకు ఎక్కుతాయి, వాటి పక్కన కార్లు, మిగిలిన సందుల్లో బైకులు. గ్యాస్ సిలిండర్లు, కూరగాయల బుట్టలు, చేపల ఐస్ పెట్టెలు, యూనిఫాం పిల్లలు. పాటు వేళ నీరు దిగిపోయినప్పుడు ర్యాంపు ఏటవాలు పెరుగుతుంది. బరువు లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే వెనకున్న అంబులెన్స్ ఆగాలి. ఈ దీవుల పెద్దాసుపత్రి జి.బి. పంత్ నగరం వైపు ఒడ్డునే ఉంది. ఒక ఓడ మరమ్మతుకు వెళ్లినా, గాలివాన హెచ్చరిక వచ్చినా వరస ఆగిపోతుంది, లేదా బండి తిప్పుకుని చుట్టుదారి పట్టాలి. రోడ్డు తవ్వుతుంటే ఆ చుట్టుదారి కూడా ఇరుకైపోతుంది. ఇది ఎవరూ ఊహించనిదేమీ కాదు, అయినా రహదారి అంచనాల్లో ఫెర్రీకి పద్దు ఉండదు. రోడ్డు ఒక శాఖది, ఓడ మరో శాఖది. రెండు శాఖల ఫైళ్లూ ఒకే నీటికి చెరోవైపు ఆగిపోతాయి.

ఛాతం నుంచి బాంబూఫ్లాట్‌కు వంతెన వేస్తే ఈ గోలంతా పోతుంది కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ కోరిక కొత్తది కాదు, అన్యాయమైనదీ కాదు. కానీ రేవులో లోపలి ఖాతానికి పోయే నౌకలకు వంతెన కింద ఎత్తు వదలాలి, ఐదో జోన్ భూకంపానికి తట్టుకునేలా పునాదులు వేయాలి, రెండు ఒడ్లలోనూ ఎక్కుదారులకు ఇళ్లు తీయాలి. అలాంటి వంతెన ఈ రోజు మంజూరైనా దానిమీద బస్సు నడిచేసరికి ఏళ్లు పడుతుంది. హంఫ్రీ స్ట్రెయిట్ మీద 1.45 కిలోమీటర్ల ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు పూర్తి కావడానికి ఎంత కాలం పట్టిందో మధ్య అండమాన్ వాళ్లను అడగండి. అక్కడా ఆ ఏళ్లన్నీ ఫెర్రీలే మోశాయి.

ఈ విషయంలో మనవాళ్లు వేలల్లో ఉంటున్న శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా ఓ మంచి ఉదాహరణ. 1989 అక్టోబరు 17 భూకంపానికి శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లండ్ బే వంతెన పైఅంతస్తులో ఓ ముక్క కిందికి ఊడిపడింది. వంతెనను నెల రోజులు మూసేశారు. ఎప్పుడో కార్ల దెబ్బకు ఆగిపోయిన ఫెర్రీలను ఆ నెలలో మళ్లీ నీళ్లలోకి దించారు. నవంబరులో వంతెన తెరిచాక కూడా ఓక్లండ్, అలమీడా ఫెర్రీలు ఆగలేదు. ఇప్పటికీ నడుస్తున్నాయి. అదే భూకంపంలో దెబ్బతిన్న ఎంబార్కడెరో ఫ్రీవేను మళ్లీ కట్టకుండా 1991లో కూల్చేశారు. నీటి ఒడ్డు ఊరికి తిరిగి దక్కింది. బే వంతెన తూర్పు భాగానికి బదులు కొత్తది కట్టి తెరిచేసరికి 2013 వచ్చింది. అంత డబ్బున్న రాష్ట్రానికే 24 ఏళ్లు పడితే మనం ఐదేళ్ల లెక్క చెప్పుకోవడం ఆత్మవంచన. వాళ్లు ప్రమాదం జరిగాక ఓడలు వెతుక్కున్నారు. మనకు ఓడలు, జెట్టీలు, నడిపే మనుషులు, అలవాటైన ప్రయాణికులు ముందే ఉన్నారు. లేనిది వాటిని రహదారిలో భాగంగా లెక్కించే బుద్ధి.

ఇక రోడ్డులో అన్నిటికన్నా వివాదమైన భాగం. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా 49 కిలోమీటర్లు జారవాల రక్షిత అడవి గుండా పోతుంది. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు 380 మంది. 1990ల చివరిదాకా బయటివాళ్ల పొడ గిట్టక బాణాలు ఎక్కుపెట్టినవాళ్లు ఆ తరువాత రోడ్డు మీదికి రావడం మొదలుపెట్టారు. వెంటనే తట్టులాంటి జబ్బులు వచ్చిపడ్డాయి. 2002 మే 7న సుప్రీంకోర్టు రోడ్డులో ఆ భాగాన్ని మూసేయమంది. మూయలేదు. 2012లో తిండి ఆశ చూపి జారవా ఆడవాళ్లను ఆడించిన వీడియో ప్రపంచమంతా తిరిగాక, 2013 జనవరిలో కోర్టు పర్యాటకుల రాకను ఆపింది, మార్చిలో ఆ ఆంక్షను ఎత్తేసింది. ఇప్పుడు రోజుకు నాలుగు కాన్వాయ్‌లు. తెల్లవారకముందే జిర్కాటాంగ్ గేటు దగ్గర బస్సులు వరస కడతాయి, పేర్లు రాసుకుంటారు, ఫొటోలు తీయొద్దు, ఆపొద్దు అని చదివి వినిపిస్తారు, ముందూ వెనకా పోలీసు బండితో వరస కదులుతుంది.

ఈ భాగాన్ని వెడల్పు చేయకూడదు. దీనిమీద బేరం అనవసరం. గుంతలు పూడ్చండి, కల్వర్టులు గట్టిపరచండి, ఆగకుండా దాటిపోయేంత బాగా ఉంచండి. అంతకుమించి ఒక్క అడుగు అడవి తీసినా కోర్టు మాటను రెండోసారి పాతిపెట్టినట్టు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ జనం సంగతేమిటని కొందరు కోపంగా అడుగుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అక్కడ మన తెలుగువాళ్లూ ఉన్నారు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల 3.8 లక్షల జనాభాలో 13 శాతం, సుమారు 50 వేల మంది తెలుగు మాట్లాడేవాళ్లు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి చేపలకూ, కట్టడాల కూలికీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. గర్భిణిని కాన్వాయ్ వేళకు తీసుకురాలేక, గేటు దగ్గర తెల్లవారేదాకా కాచుకోవడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు. కానీ ఆ బాధకు మందు వెడల్పైన రోడ్డు కాదు. రోడ్డు ఎంత వెడల్పయినా గేటు వేళలు మారవు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి రంగత్‌కు, మాయాబందర్‌కు నమ్మకంగా రోజూ నడిచే ఓడ, వేళకు లేచే హెలికాప్టర్ అంబులెన్స్ వాళ్లకు రోడ్డు కన్నా ముందు అందుతాయి. ఆ ఓడకు పెట్టే ఖర్చు రోడ్డు వెడల్పు ఖర్చులో చిన్న పాలు.

నగరం నుంచి ఫెరార్‌గంజ్ వరకు ఉన్న ముక్కను మాత్రం బాగా కట్టాల్సిందే. రెండు వరుసలు, కాలినడక దారి, కాలువలు, సిప్పీఘాట్ దగ్గర ఎత్తు, అన్నీ కావాలి. జనం అక్కడే ఉన్నారు, బళ్లు అక్కడే ఉన్నాయి. దీవుల పొడవునా ఒకే కొలత రోడ్డు వేయాలన్న పట్టుదల ఢిల్లీలో మ్యాపు మీద గీత గీసినవాళ్లది.

పని వరస ఎలా ఉండాలో ఆ దారుల్ని చూస్తేనే తెలుస్తుంది. బాంబూఫ్లాట్–వింబర్లీగంజ్–ఫెరార్‌గంజ్ రోడ్డును మొదటి పొడి కాలంలోనే గట్టిపరచాలి, ఎందుకంటే మళ్లించిన లారీల బరువు దానిమీదే పడుతుంది. ఇప్పటి స్థితిలోనే ఆ రోడ్డు మీద ఇప్పటికి నాలుగు రెట్లు టిప్పర్లు తోలితే, ఒక రోడ్డు బాగు చేయబోయి మరో రోడ్డును పాడు చేసినవాళ్లమవుతాం. రెండు జెట్టీల్లోనూ పాటు వేళకు కూడా లారీ ఎక్కేలా ర్యాంపులు సరిచేయాలి. అంబులెన్స్‌కు విడిగా వరస ఉండాలి. బాంబూఫ్లాట్‌లో రాత్రివేళ ఓ ఓడ తప్పనిసరిగా కట్టి ఉంచాలి. నగరపు ముక్కలో బేరింగుల పని, తారు పని రాత్రుళ్లు జరగాలి. ఏ వారం ఏ భాగం మూస్తారో హిందీలోనే కాక బెంగాలీ, తమిళం, తెలుగుల్లోనూ జెట్టీల్లో అంటించాలి. ఏప్రిల్ చివరికి పూర్తికాని గుంతను పూడ్చకుండా వానలోకి వదిలితే కాంట్రాక్టర్ బిల్లు ఆగాలి. పని అయ్యాక పదేళ్ల నిర్వహణ కూడా ఆ కాంట్రాక్టర్ మెడకే చుట్టాలి. అప్పుడైనా తారు మందం కాస్త పెరుగుతుంది.

ఇందులో వింత కోరికలేమీ లేవు. ఇప్పుడున్న రెండు శాఖల లెక్కల్ని ఒక పుస్తకంలో రాస్తే చాలు. జనవరిలో తవ్వకం మొదలుపెట్టాలనుకునే అధికారులు డిసెంబరులోనే ఒక పూట ఛాతం జెట్టీలో నిలబడి, ఆ వరసలో తమ బండినీ నిలబెట్టి బాంబూఫ్లాట్‌కు వెళ్లి రావాలి. అదనపు ఓడలు నీటి మీద కనిపించేదాకా నగరం నుంచి ఫెరార్‌గంజ్ దారిలో ఒక్క గజం కూడా మూయబోమని టెండరు పత్రంలో మొదటి షరతుగా రాయాలి.